పాత జావా కోడ్ చదవాల్సినవాళ్లకి ఇంటెల్లిజే ఐడియా: కోడ్‌లో తిరగడం గురించి మాత్రమే ఒక రివ్యూ

ఇంటెల్లిజే ఐడియా అంటే జావా కోడ్ రాయడానికి, చదవడానికి వాడే సాఫ్ట్‌వేర్. దాని మీద రివ్యూ అంటే చాలామంది ఆటో కంప్లీషన్, రీఫ్యాక్టరింగ్ (పని మారకుండా కోడ్‌ని సర్దడం), ఈమధ్య అయితే ఏఐ ఫీచర్ల గురించే రాస్తున్నారు, నేను వాటి జోలికి పోవట్లేదు. నా దృష్టిలో దీంట్లో అన్నిటికంటే విలువైనది కోడ్‌లో ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లే పద్ధతి, ఈ రివ్యూ అంతా దాని గురించే. ఎందుకంటే మనలో ఎక్కువమంది రోజంతా చేసే పని కొత్త కోడ్ రాయడం కాదు, ఎప్పుడో ఎవరో రాసి వెళ్లిపోయిన కోడ్ చదవడం. బ్యాంకింగ్ క్లయింట్ అయినా ఇన్సూరెన్స్ అయినా టెలికాం అయినా చేతికొచ్చేది ఏళ్ల నాటి జావా, స్ప్రింగ్ (జావా అప్లికేషన్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) ప్రాజెక్ట్, వేల ఫైళ్లు ఉంటాయి, డాక్యుమెంట్ అంటూ ఉంటే అది పాత వెర్షన్‌ది, రాసినాయన ఎప్పుడో వేరే కంపెనీకి వెళ్లిపోయుంటాడు. కేటీ సెషన్‌లో, అంటే పాతవాళ్లు పని అప్పగించేటప్పుడు, చెప్పినదంతా రెండో టికెట్ (సమస్య రిపోర్ట్) వచ్చేసరికి సరిపోదు. కోచింగ్‌లో జావా చెప్తారు, స్ప్రింగ్ బూట్ చెప్తారు, ఇంటర్వ్యూ ప్రశ్నలు చెప్తారు, ఇంత కోడ్‌లో దారి ఎలా పట్టుకోవాలో మాత్రం చెప్పరు. అది టూల్‌తోనే నేర్చుకోవాలి.

ఇంతకీ ఇది ఈ విషయంలో మొదటినుంచీ ముందే ఉంది. ప్రాగ్‌లో 2000లో మొదలైన జెట్‌బ్రెయిన్స్ కంపెనీ 2001 జనవరిలో దీని మొదటి వెర్షన్ తెచ్చినప్పుడే కోడ్ నావిగేషన్, రీఫ్యాక్టరింగ్ ఈ రెండూ గట్టిగా ఉన్న మొదటి జావా ఐడీఈల్లో (కోడ్ రాసే టూల్స్‌లో) ఇదొకటి అని పేరు. ఆ పేరుకి తగ్గట్టే ఉంది ఇప్పటికీ.

నేను ఇక్కడ చెప్పే షార్ట్‌కట్లన్నీ విండోస్, లైనక్స్‌వి, మ్యాక్ వాళ్లకి కీలు కొంచెం మారతాయి కానీ ఫీచర్లు అవే.

మొదట షిఫ్ట్ రెండుసార్లు. వెంటవెంటనే షిఫ్ట్ కొడితే సెర్చ్ ఎవ్రీవేర్ అని ఒక బాక్స్ వస్తుంది, దాంట్లో క్లాస్ పేరు కొట్టినా ఫైల్ పేరు కొట్టినా మెథడ్ పేరు కొట్టినా చివరికి సెట్టింగ్స్‌లో ఏదో ఆప్షన్ పేరు కొట్టినా దొరుకుతుంది. ఇంకేమీ గుర్తుపెట్టుకోలేకపోయినా ఇదొక్కటి చేతికి అలవాటైతే సగం పని అయిపోయినట్టే. దీంట్లో చాలామందికి తెలియని సుఖం ఏంటంటే పేరు మొత్తం కొట్టక్కర్లేదు, పేరులోని పెద్దక్షరాలు కొడితే చాలు. ఆర్డర్‌సర్వీస్‌ఇంప్ల్ అనే క్లాస్ కావాలంటే ఓ, ఎస్, ఐ అని మూడు అక్షరాలు కొట్టండి, లిస్ట్‌లో కనిపిస్తుంది. ఇంకా చెప్పాలంటే పేరు తర్వాత కోలన్ పెట్టి లైన్ నంబర్ కొడితే సరిగ్గా ఆ లైన్‌కే వెళ్లి కూర్చుంటుంది, టెస్టర్ గానీ క్లయింట్ గానీ "ఫలానా క్లాస్‌లో 212వ లైన్‌లో ఎక్సెప్షన్" అని చాట్‌లో పెట్టినప్పుడు ఇది ఎంత హాయిగా ఉంటుందో. క్లాసులే కావాలంటే కంట్రోల్+ఎన్, ఫైళ్లే కావాలంటే కంట్రోల్+షిఫ్ట్+ఎన్, ఒకే పేరుతో నాలుగు మాడ్యూళ్లలో ఫైళ్లు ఉంటే ఫోల్డర్ పేరు, స్లాష్, ఫైల్ పేరులో రెండు అక్షరాలు ఇలా కొట్టినా పట్టుకుంటుంది.

తర్వాతది కంట్రోల్+బి, అంటే డిక్లరేషన్‌కి, ఆ పేరుని ప్రకటించిన చోటికి, వెళ్లడం. కంట్రోల్ పట్టుకుని మౌస్‌తో క్లిక్ చేసినా అదే. ఇది ఏ ఎడిటర్‌లో అయినా ఉంటుంది, కొత్తేం కాదు. అయితే స్ప్రింగ్ ప్రాజెక్టుల్లో అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది, ప్రతి సర్వీస్‌కీ ఒక ఇంటర్‌ఫేస్ (మెథడ్ల పేర్లు మాత్రమే ఉండేది) ఉంటుంది, ఆటోవైర్ చేసేటప్పుడు, అంటే స్ప్రింగే తెచ్చి తగిలించేటప్పుడు, కోడ్‌లో రాసేది ఇంటర్‌ఫేస్‌నే కాబట్టి కంట్రోల్+బి కొడితే ఇంటర్‌ఫేస్‌లో ఖాళీ మెథడ్ దగ్గరికి తీసుకెళ్లి నిలబెడుతుంది, లోపల ఏం జరుగుతుందో చూడాలంటే మళ్లీ వెతుక్కోవాలి. కొత్తగా జాయినైన పిల్లలు ఇక్కడే ఎడమవైపు ప్రాజెక్ట్ ట్రీ తెరిచి ఇంప్ల్ అనే ప్యాకేజీ కోసం ఫోల్డర్లు విప్పుకుంటూ కూర్చుంటారు. అది అవసరం లేదు, కంట్రోల్+ఆల్ట్+బి కొట్టండి, నేరుగా ఇంప్లిమెంటేషన్‌కే, అంటే అసలు కోడ్ ఉన్న క్లాస్‌కే, వెళ్తుంది, ఒకటే ఉంటే సూటిగా దాంట్లోకి, నాలుగు ఉంటే నాలుగూ లిస్ట్‌గా చూపిస్తుంది. నన్నడిగితే స్ప్రింగ్ కోడ్ చదివేవాళ్లకి కంట్రోల్+బి కంటే ఇదే ముఖ్యం. ఇంప్లిమెంటేషన్‌లో ఉండి పైన ఇంటర్‌ఫేస్‌కి పోవాలంటే కంట్రోల్+యు.

లైబ్రరీల్లోకి కూడా ఇలాగే దూరొచ్చు. జార్ ఫైల్‌లో (కంపైల్ చేసి కట్టిన లైబ్రరీలో) ఉన్న క్లాస్ మీద కొడితే సోర్స్ లేకపోయినా డీకంపైల్ చేసి చదవడానికి వీలుగా చూపిస్తుంది, పైన సోర్స్ డౌన్‌లోడ్ చేసుకోమని ఒక లింక్ కూడా ఇస్తుంది, అది నొక్కితే మేవెన్ (జావా లైబ్రరీలు దొరికే చోటు) నుంచి అసలు సోర్స్, కామెంట్లతో సహా వచ్చేస్తుంది. స్ప్రింగ్ ట్రాన్సాక్షన్ ఎందుకు రోల్‌బ్యాక్ అవ్వలేదు లాంటి ప్రశ్నలకి పది బ్లాగులు చదివే బదులు ఆ కోడ్‌లోకే వెళ్లి చూసుకోవచ్చు, నేను ఇది అందరికీ గట్టిగా చెప్తాను.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, ఫైండ్ యూసేజెస్, ఆల్ట్+ఎఫ్7. ఈ టూల్‌కి నేను ఇచ్చే మార్కుల్లో సగం దీనికే. ఉదాహరణకి ఒక టికెట్ అనుకోండి, కొంతమంది కస్టమర్లకి ఇన్‌వాయిస్‌లో డిస్కౌంట్ సున్నా అని వస్తోంది, మిగతావాళ్లకి సరిగ్గానే వస్తోంది. ఇన్‌వాయిస్ క్లాస్‌లో డిస్కౌంట్ అమౌంట్ అనే ఫీల్డ్ ఉంది. మామూలుగా ఆ పేరుతో టెక్స్ట్ సెర్చ్ చేస్తే ఏమవుతుంది, అదే పేరున్న ఫీల్డ్ కార్ట్‌లో ఉంటుంది, కోట్‌లో ఉంటుంది, ఐదారు డీటీవోల్లో (డేటా మోసే క్లాసుల్లో) ఉంటుంది, టెస్టుల్లో ఉంటుంది, కామెంట్లలో ఉంటుంది, వందల రిజల్ట్స్ వచ్చి పడతాయి, వాటిలో ఏది మన ఇన్‌వాయిస్‌దో కళ్లతో ఏరుకోవాలి. అదే ఫీల్డ్ మీద కర్సర్ పెట్టి ఆల్ట్+ఎఫ్7 కొడితే ఈ క్లాస్‌లోని ఈ ఫీల్డ్‌వే వస్తాయి, అక్కడితో ఆగదు, ఎక్కడ దీన్ని చదువుతున్నారు ఎక్కడ దీంట్లో విలువ పెడుతున్నారు అని రెండుగా విడదీస్తుంది. మన సమస్య విలువ ఎవరు సున్నా చేస్తున్నారనే కదా, కాబట్టి రీడ్‌లు దాచేసి రైట్‌లు మాత్రమే ఉంచితే లిస్ట్ ఒక్కసారిగా చిన్నదైపోతుంది. టెస్ట్ కోడ్‌ని, ప్రొడక్షన్ కోడ్‌ని వేరు చేసి చూపించే గ్రూపింగ్ ఉంది, అది పెడితే టెస్టులు కూడా పక్కకి పోతాయి. మిగిలిన కొద్ది చోట్ల ఒక్కోటీ తెరిచి చూస్తే ఏదో ఒక మ్యాపర్‌లో (ఒక క్లాస్ డేటాని ఇంకో క్లాస్‌లోకి మార్చే కోడ్‌లో) కూపన్ నల్ అయితే సున్నా పెట్టు అనే లైన్ కనపడుతుంది.

అక్కడి నుంచి ఇంకో అడుగు, ఆ మ్యాపర్ మెథడ్‌ని ఎవరు పిలుస్తున్నారు? కంట్రోల్+ఆల్ట్+హెచ్ కొడితే కాల్ హైరార్కీ వస్తుంది, పిలిచినవాళ్లు, వాళ్లని పిలిచినవాళ్లు, అలా చెట్టులాగా పైకి విప్పుకుంటూ పోవచ్చు, ఒక కొమ్మ కంట్రోలర్ (బయటి రిక్వెస్ట్‌లు తీసుకునే క్లాస్) దగ్గర ఆగుతుంది, ఇంకో కొమ్మ రాత్రిపూట నడిచే బ్యాచ్ జాబ్ దగ్గర ఆగుతుంది. కొంతమంది కస్టమర్లకే ఎందుకు వస్తోందో అప్పుడు అర్థమవుతుంది, బ్యాచ్‌లో పోయినవాళ్లకి కూపన్ లోడ్ అవ్వట్లేదు. డీబగ్గర్ పెట్టకుండా, అప్లికేషన్ స్టార్ట్ చేయకుండా, కోడ్‌లో తిరిగే ఇక్కడిదాకా వచ్చాం. లోకల్‌లో స్టార్ట్ అవ్వని ప్రాజెక్టుల మీద పనిచేసేవాళ్లకి ఈ మాట విలువ తెలుస్తుంది.

లామ్‌బాక్ (మామూలు మెథడ్లని తనే తయారుచేసే లైబ్రరీ) వాడే ప్రాజెక్టుల్లో సెట్టర్లు (ఫీల్డ్‌లో విలువ పెట్టే మెథడ్లు) కోడ్‌లో కనపడవు కదా, మరి ఎలా అని అడుగుతారు. లామ్‌బాక్ ప్లగిన్ 2020.3 నుంచి దీంతోపాటే వస్తోంది, కనపడని సెట్టర్ల వాడకాలు కూడా ఫైండ్ యూసేజెస్‌లో పట్టుకుంటుంది.

ఇది ఇంత కచ్చితంగా ఎలా చేస్తుందంటే, ప్రాజెక్ట్ తెరిచినప్పుడే అన్ని ఫైళ్లూ చదివి ఏ పదం ఏ ఫైల్‌లో ఉందో ఇండెక్స్ కట్టుకుంటుంది. మనం అడిగినప్పుడు ముందు ఆ ఇండెక్స్ చూసి ఆ పదం ఉన్న ఫైళ్లని మాత్రమే తీస్తుంది, తర్వాత వాటిలో ప్రతి చోటా ఈ పేరు నిజంగా మనం అడిగిన ఫీల్డ్‌నే సూచిస్తోందా లేక పేరు మాత్రమే కలిసిందా అని కోడ్ నిర్మాణం ప్రకారం తేల్చుకుంటుంది. అందుకే వేగమూ ఉంది, తప్పు రిజల్ట్స్ కూడా తక్కువ. దీనికి మూల్యం కూడా ఉంది, దాని సంగతి కిందకి వచ్చాక చెప్తా.

ఇలా లోపలికి లోపలికి పోయాక వెనక్కి రావడం ఎలా అనేది చాలామంది పట్టించుకోరు, నిజానికి మన తల తిరిగేది అక్కడే. పది ఫైళ్లు దాటి పోయాక మొదట ఏం వెతుకుతున్నామో మర్చిపోతాం. కంట్రోల్+ఆల్ట్+ఎడమ బాణం కొడితే వచ్చిన దారినే ఒక్కో అడుగు వెనక్కి తీసుకొస్తుంది, కుడి బాణం కొడితే మళ్లీ ముందుకి. మౌస్‌కి పక్కన రెండు బటన్లు ఉంటే వాటితో కూడా ఇదే పని అవుతుంది. ఒక ఇబ్బంది, కొన్ని పాత ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్లలో కంట్రోల్+ఆల్ట్+బాణాలు స్క్రీన్‌ని తిప్పడానికి పెట్టుంటారు, ఉబుంటులో అయితే వర్క్‌స్పేస్ మారుతుంది, అలా జరిగితే ఆ సిస్టమ్ షార్ట్‌కట్లు తీసేయండి, ఐడీఈలో కీ మార్చడం కంటే అదే మేలు. చివరిసారి ఎక్కడ ఎడిట్ చేశామో అక్కడికి పోవాలంటే కంట్రోల్+షిఫ్ట్+బ్యాక్‌స్పేస్. మీటింగ్‌కి వెళ్లొచ్చి కూర్చున్నప్పుడు నేను కొట్టే మొదటి కీ ఇదే.

కంట్రోల్+ఇ కొడితే ఈమధ్య తెరిచిన ఫైళ్ల లిస్ట్ వస్తుంది, అక్కడే పేరు టైప్ చేసి వడపోసుకోవచ్చు, ఇంకోసారి కంట్రోల్+ఇ కొడితే మనం మార్చిన ఫైళ్లు మాత్రమే మిగులుతాయి. కంట్రోల్+షిఫ్ట్+ఇ అయితే ఇంకా బాగుంటుంది, ఫైళ్ల పేర్లు కాకుండా మనం ఆగిన చోట్లలో ఉన్న కోడ్ ముక్కల్నే చూపిస్తుంది, ఫైల్ పేరు గుర్తులేదు కానీ అక్కడ ఏదో ఇఫ్ కండిషన్ చూశాం అనిపించినప్పుడు ఇదే దిక్కు. ఇది 2019.1లో వచ్చింది, చాలా ఏళ్లుగా వాడేవాళ్లలో కూడా దీని సంగతి తెలియనివాళ్లు ఉన్నారు.

ఈ రెండూ అలవాటైతే పైన ట్యాబ్‌లతో పనే ఉండదు. ముప్పై ట్యాబ్‌లు తెరిచిపెట్టుకుని పేర్లు సగం సగం కనపడుతుంటే వాటి మధ్య మౌస్‌తో వెతుక్కోవడం కంటే సెట్టింగ్స్‌లో ఎడిటర్ ట్యాబ్స్ ప్లేస్‌మెంట్‌ని నన్ అని పెట్టి పూర్తిగా తీసేయొచ్చు. మొదట్లో వింతగా ఉంటుంది, చదవడానికి చోటు మాత్రం పెరుగుతుంది.

ప్రొడక్షన్ సపోర్ట్ వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. లాగ్‌లో స్టాక్ ట్రేస్, అంటే ఎర్రర్ ఏ మెథడ్ల మీదుగా వచ్చిందో చెప్పే లిస్ట్, వస్తుంది కదా, యాభై అరవై లైన్లు, దాన్ని కాపీ చేసుకుని కోడ్ మెనూలో అనలైజ్ స్టాక్ ట్రేస్ ఆర్ థ్రెడ్ డంప్ అనే దాంట్లో పేస్ట్ చేయండి, ప్రతి లైన్ లింక్ అయిపోతుంది, నొక్కితే సరిగ్గా ఆ క్లాస్‌లో ఆ లైన్‌కి వెళ్తుంది, మన కోడ్ ఏదో లైబ్రరీ కోడ్ ఏదో రంగు తేడాతో తెలుస్తుంది. అర్ధరాత్రి కాల్‌లో క్లయింట్ అవతల ఎదురుచూస్తుంటే ఇది నిజంగా ఆదుకుంటుంది. ఒక్క జాగ్రత్త, ప్రొడక్షన్‌లో నడుస్తున్న రిలీజ్ ట్యాగ్‌నే చెకౌట్ చేసుకుని ఉండాలి, డెవలప్ బ్రాంచ్‌లో ఉంటే లైన్ నంబర్లు జరిగిపోయి వేరే లైన్ దగ్గర ఆపుతుంది.

ఇంకొన్ని త్వరగా చెప్పేస్తా. ఫైల్ పెద్దదైతే కంట్రోల్+ఎఫ్12, మెథడ్ల లిస్ట్ వస్తుంది, అక్కడే పేరు టైప్ చేయొచ్చు. క్లాస్ నుంచి దాని టెస్ట్‌కి, టెస్ట్ నుంచి క్లాస్‌కి కంట్రోల్+షిఫ్ట్+టి. ఉన్న చోటు నుంచి కదలకుండా మెథడ్ లోపల ఏముందో తొంగి చూడాలంటే కంట్రోల్+షిఫ్ట్+ఐ. ఎఫ్11తో బుక్‌మార్క్ పెట్టుకోవచ్చు, కంట్రోల్+ఎఫ్11తో అయితే దానికి ఒక అంకె ఇచ్చుకుని కంట్రోల్ పట్టుకుని ఆ అంకె కొడితే అక్కడికే వెళ్తాం, వారం పాటు ఒకే ఫ్లో మీద పని ఉన్నప్పుడు మూడు నాలుగు చోట్లకి ఇలా అంకెలు పెట్టుకోండి.

ఇప్పుడు లోపాలు. మొదటిది ఇండెక్సింగ్. ఇందాక చెప్పిన మూల్యం ఇదే. పెద్ద ప్రాజెక్ట్ మొదటిసారి తెరిచినప్పుడు, బ్రాంచ్ మారి చాలా ఫైళ్లు మారినప్పుడు కింద బార్ నడుస్తూ ఉంటుంది, అది అయ్యేదాకా ఫైండ్ యూసేజెస్ లాంటివి సరిగ్గా పనిచేయవు, ఆగాల్సిందే. మెమరీ కూడా బాగా తింటుంది, 8 జీబీ లాప్‌టాప్‌లో దీంతోపాటు బ్రౌజర్, డాకర్, మీటింగ్ యాప్ అన్నీ పెట్టుకుని పనిచేయడం కష్టం, 16 జీబీ ఉంటేనే హాయి. హెల్ప్ మెనూలో చేంజ్ మెమరీ సెట్టింగ్స్ అని ఉంటుంది, పెద్ద ప్రాజెక్టులకి అక్కడ పెంచుకోండి. నోడ్ మాడ్యూల్స్, లాగ్ ఫోల్డర్లు, జనరేట్ అయిన ఫైళ్ల ఫోల్డర్లు లాంటివి రైట్ క్లిక్ చేసి ఎక్స్‌క్లూడెడ్ అని మార్క్ చేస్తే ఇండెక్స్ భారం తగ్గుతుంది, సెర్చ్‌లో చెత్త కూడా రాదు. విండోస్‌లో డిఫెండర్ ప్రతి ఫైల్‌నీ తనిఖీ చేయడం వల్ల కూడా నెమ్మదిస్తుంది, ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని మినహాయించమని ఐడీఈనే అడుగుతుంది, ఆఫీస్ మెషీన్ అయితే ఐటీ వాళ్లని అడిగే చేయండి.

రెండోది, కోడ్‌లో పేరు పేరుగా లేని చోట దీనికి చూపు ఆనదు. రిఫ్లెక్షన్‌తో, అంటే ప్రోగ్రామ్ నడిచేటప్పుడు పేరుని బట్టి, పిలిచే మెథడ్లు, డేటాబేస్ టేబుల్‌లో క్లాస్ పేరు పెట్టుకుని రన్‌టైమ్‌లో లోడ్ చేసే పాత ఫ్రేమ్‌వర్కులు, ఇలాంటి చోట ఫైండ్ యూసేజెస్ ఏమీ లేవు అంటుంది, దాన్ని నమ్మి మెథడ్ డిలీట్ చేయకూడదు. మైక్రోసర్వీసుల్లో (అప్లికేషన్‌ని చిన్న చిన్న సర్వీసులుగా విడగొట్టిన చోట) ఇది ఇంకా ఎక్కువ, ఒక సర్వీస్ రెస్ట్ కాల్ (యూఆర్ఎల్‌తో వేరే సర్వీస్‌ని పిలవడం) చేస్తుంది గానీ కాఫ్కా (సర్వీసుల మధ్య మెసేజ్‌లు చేరవేసేది) టాపిక్‌లో మెసేజ్ వేస్తుంది గానీ, అవతల దాన్ని తీసుకునే సర్వీస్ వేరే రిపాజిటరీలో ఉంటుంది, కాల్ హైరార్కీ అక్కడితో ఆగిపోతుంది. అప్పుడు కంట్రోల్+షిఫ్ట్+ఎఫ్‌తో యూఆర్ఎల్ ముక్కనో టాపిక్ పేరునో టెక్స్ట్‌గానే వెతుక్కోవాలి. సంబంధమున్న రిపాజిటరీలన్నీ ఒకే ప్రాజెక్ట్ విండోలో మాడ్యూళ్లుగా పెట్టుకుంటే ఆ వెతుకులాట ఒకేసారి అయిపోతుంది, మెషీన్ తట్టుకోగలిగితే నేనైతే అలాగే చేయమంటాను.

మిగతా వాటితో పోలిస్తే ఎలా ఉందంటే, ఎక్లిప్స్‌ని తక్కువ చేయడానికి లేదు, ఎఫ్3, కంట్రోల్+షిఫ్ట్+టి, కంట్రోల్+ఓ, కాల్ హైరార్కీ అన్నీ దాంట్లోనూ ఎప్పటినుంచో ఉన్నాయి, దానికి అలవాటుపడినవాళ్లు ఇక్కడ కీమ్యాప్‌ని ఎక్లిప్స్ అని మార్చుకుంటే వేళ్లు పాత అలవాటుతోనే నడుస్తాయి. వీఎస్ కోడ్ చాలా తేలిక, వెంటనే తెరుచుకుంటుంది, జావాస్క్రిప్ట్, టైప్‌స్క్రిప్ట్, పైథాన్ చిన్న ప్రాజెక్టులకి అదే చాలు. దాంట్లో జావాకి రెడ్‌హ్యాట్ ఎక్స్‌టెన్షన్ లోపల నడిపేది ఎక్లిప్స్ జేడీటీ లాంగ్వేజ్ సర్వరే, డిక్లరేషన్, రిఫరెన్సులు బాగానే వస్తాయి. కానీ రీడ్, రైట్ విడదీసి చూపించడం, టెస్టులు పక్కన పెట్టడం, కోడ్ ముక్కలతో పాత చోట్ల లిస్ట్, ఇవన్నీ ఒకదానికొకటి అతుక్కుని పనిచేసే తీరు మాత్రం ఇంటెల్లిజేలోనే బాగుంది, పెద్ద జావా కోడ్ అయితే నేను రెండో ఆలోచన లేకుండా దీన్నే తెరుస్తాను.

నేర్చుకోవడానికి ఒక సలహా, అన్ని కీలూ ఒకేసారి బట్టీ పట్టొద్దు. కీ ప్రమోటర్ ఎక్స్ అని ఒక ఫ్రీ ప్లగిన్ ఉంది, మనం మౌస్‌తో ఏదైనా నొక్కినప్పుడు దానికి షార్ట్‌కట్ ఏంటో మూలన చూపిస్తుంది, చూసి చూసి వేళ్లకి వచ్చేస్తుంది. మొదట షిఫ్ట్ రెండుసార్లు, కంట్రోల్+ఆల్ట్+బి, ఆల్ట్+ఎఫ్7, వెనక్కి బాణం, ఈ నాలుగూ పట్టుకోండి. విమ్ ఎడిటర్ వాడేవాళ్లకి ఐడియావిమ్ ప్లగిన్ ఉంది, దాన్ని జెట్‌బ్రెయిన్సే ఇస్తోంది.

డబ్బుల విషయం. 2009 నుంచి కమ్యూనిటీ ఎడిషన్ ఓపెన్ సోర్స్‌గా ఫ్రీ, అల్టిమేట్‌కి డబ్బులు అని రెండు వేరువేరు డౌన్‌లోడ్లు ఉండేవి, 2025.3 నుంచి రెండూ కలిపి ఒకటే ఇన్‌స్టాలర్ చేశారు, సబ్‌స్క్రిప్షన్ లేకపోయినా ప్రాథమిక భాగం ఫ్రీగానే వాడుకోవచ్చు. పైన నేను చెప్పిన నావిగేషన్‌లో దాదాపు అంతా ఫ్రీ భాగంలోనే వస్తుంది. యూఆర్ఎల్ కొడితే నేరుగా కంట్రోలర్ మెథడ్‌కి వెళ్లడం, ప్రాజెక్ట్‌లోని ఎండ్‌పాయింట్లన్నీ (బయటినుంచి పిలిచే యూఆర్ఎల్‌లన్నీ) ఒకచోట లిస్ట్‌గా చూడటం లాంటివి కావాలంటే సబ్‌స్క్రిప్షన్ కావాలి, స్ప్రింగ్ మీదే రోజంతా పనిచేసేవాళ్లయితే కంపెనీని అడిగి తీసుకోండి, ఇది అడగదగ్గ ఖర్చే. చదువుకునేవాళ్లకి, చదువు చెప్పేవాళ్లకి స్టూడెంట్ లైసెన్స్ ఫ్రీ, బీటెక్ పిల్లలు కాలేజీ మెయిల్‌తో అప్లై చేసుకోవచ్చు. సొంత డబ్బులతో కొనేవాళ్లు గమనించాల్సింది ఏంటంటే, ఏడాది పాటు వరసగా కడితే ఆ తర్వాత సబ్‌స్క్రిప్షన్ ఆపేసినా ఒక పాత వెర్షన్ మనకి శాశ్వతంగా ఉండిపోతుంది. ఆండ్రాయిడ్ చేసేవాళ్లు వేరే ఏదీ వేసుకోనక్కర్లేదు, ఆండ్రాయిడ్ స్టూడియో దీని మీద కట్టిందే కాబట్టి ఈ కీలు చాలావరకు అక్కడ కూడా ఇలాగే పనిచేస్తాయి.